జాలీ దీపాలు ఎక్కడ పగులుతాయి: హన్మకొండ ఆర్డర్ మీద ఒక కేస్ స్టడీ

హన్మకొండలో ఒక రెస్టారెంట్ వాళ్లు టేబుళ్ల మీదకు, వరండా గోడల పక్కకు మట్టి దీపాలు కావాలని మా ఊరి పక్క కుమ్మరి కాకకు ఆర్డర్ ఇచ్చారు. మామూలు ప్రమిదలు కాదు. సారె మీద తీసిన గురిగి (చిన్న కుండ) ఒంటి నిండా జాలీ, అంటే చిల్లుల అల్లిక, కోసి, లోపల బల్బు పెడితే గోడ మీద నీడలు పడాలి. వేయి స్తంభాల గుడి జాలీ రాళ్లు చూసి వాళ్ల డిజైనర్ ఒక డ్రాయింగ్ కూడా గీసిచ్చాడు. నాలుగు మూలల గళ్లు, గడికీ గడికీ మధ్య సన్నటి పట్టీలు, మధ్యమధ్య ఒక పువ్వు.

కాక ఎండాకాలంలోనే పని మొదలుపెట్టాడు. ఆరబెట్టినప్పుడు కొన్ని పగిలాయి, ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) ఇంకొన్ని పోయాయి. మిగిలినవి నికరంగా ఉన్నాయని పంపించాడు. వానలు పడ్డాక రెస్టారెంట్ నుంచి ఫోన్ వచ్చింది. టేబుల్ మీద ఉన్న దీపాలే పెచ్చులు రాలుతున్నాయట, పెచ్చు ఊడిన చోట తెల్లటి చుక్క కనిపిస్తోందట. దసరాకల్లా మొత్తం సరుకు మళ్లీ కావాలన్నారు. అప్పుడు కాక పగిలిన దీపాలన్నీ గడ్డి పరిచిన గంపలో పెట్టుకుని నా స్టూడియోకు తెచ్చాడు.

"మా తాతల కాడికెల్లి గీ చెరువు మట్టితోనే జేస్తున్నం బిడ్డా. రంజన్లకు పలగనిది గీ దీపాలకెందుకు పలుగుతది?"

"రంజన్కు తూట్లు లేవు గద కాకా" అన్నాను. రంజన్ అంటే మంచినీళ్ల కుండ. జవాబు సగం అందులోనే ఉంది. రెండో సగం కోసం పెంకులు చూడాలి.

పగిలిన పెంకులు చెప్పింది

ఇలాంటి పనిలో నేను ముందు కొత్త కుండ చేయను, పగిలినవాటిని వరసగా పేర్చి చూస్తాను. పగుళ్లన్నీ ఒక్క రకంగా ఉండవు. ఆరేటప్పుడు పడ్డ పగులు ఒక చివర వెడల్పుగా నోరు తెరుచుకుని, రెండో చివరకు వచ్చేసరికి సన్నబడుతుంది. కాలక ముందే పడింది కాబట్టి లోపలి ముఖాలు కూడా కుండ పైభాగం లాగే కాలి, అంచులు కొంచెం మొద్దుబారి ఉంటాయి. ఆవం చల్లారేటప్పుడు పడ్డ పగులు వెంట్రుకంత ఉంటుంది, అంచు పదును, రెండు ముక్కలూ అతికినట్టు కూర్చుంటాయి. చూపుకు దొరకదు గానీ వేలితో తడితే కుండ ఖంగుమనకుండా బొంగురుగా పలుకుతుంది. పెచ్చులు ఊడటం వీటిలో దేనికీ చెందదు. గోటంత గుంట, గుంట అడుగున తెల్లటి పలుకు.

గంపలో ఈ మూడు రకాలూ ఉన్నాయి. ఎక్కువ భాగం మొదటి రకమే. వాటిలో ఒక పోలిక వెంటనే కనిపించింది. పగులు ఎక్కడా గడి పక్కగోడ మధ్య నుంచి మొదలవలేదు. ప్రతిదీ మూల నుంచే బయలుదేరింది. ఒక గడి మూల నుంచి పక్క గడి మూలకు, అక్కడి నుంచి ఇంకో మూలకు మెట్లు మెట్లుగా పైకి పాకింది. భూతద్దం పెట్టి చూస్తే ఆ మూలల్లో కత్తి అవసరం కన్నా ఒక గింజంత ముందుకు పోయిన గీత ఉంది. రెండు వైపుల నుంచి కోసి మూలలో కలిపేటప్పుడు ఎవరి చెయ్యయినా అంత దూరం జారుతుంది. పచ్చి మీద ఆ గీత లెక్కలోకి రాదు. మట్టి ఆరి కుంచించుకుపోతున్నప్పుడు లాగుడంతా వచ్చి ఆ గీత మొన మీద పడుతుంది.

గుడిలో రాయికి ఈ బాధ లేదు. కాకతీయుల శిల్పులు చెక్కిన ఆ నల్లరాయి డోలరైట్, మన దేశపు గట్టి రాళ్లలో ఒకటి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడిలో ఆ జాలీల మూలలు ఇంకా పదునుగానే ఉన్నాయి. చెక్కాక రాయి ఆరదు, కుంచించుకుపోదు, ఆవంలోకి పోదు. మట్టికి ఈ మూడూ తప్పవు. రాతి డ్రాయింగును ఉన్నదున్నట్టు మట్టి మీదకు దించమనడంలోనే చిక్కు ఉంది. ఈ మాట డిజైనర్‌కు చెబితే ఆయన మొదట ఒప్పుకోలేదు. పగిలిన పెంకు చేతిలో పెట్టి, మూల నుంచి మూలకు పాకిన గీతను వేలితో చూపించాక ఒప్పుకున్నాడు.

మట్టి మీద చిల్లులు వేయడం కొత్త పని కాదు. హరప్పా నాగరికత తవ్వకాల్లో ఒంటి నిండా చిల్లులున్న పొడవాటి జాడీలు దొరికాయి. అవి ఎందుకు వాడారో పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు గానీ ఆ చిల్లులన్నీ గుండ్రటివే. మన ఇళ్లలో సాంబ్రాణి ధూపం వేసే మట్టిపాత్ర చూడండి, దానికీ గుండ్రటి తూట్లే. గుండ్రటి చిల్లుకు మూల లేదు, లాగుడు చుట్టూ పంచుకుంటుంది.

రెండో సంగతి గోడ మందం. కాక పద్ధతి మన తెలంగాణ కుమ్మరులందరి పద్ధతే. సారె మీద మూతి, పైభాగం తీసి, దారంతో కోసి, కొంచెం ఆరాక లోపల గుండు పెట్టి బయట చెక్కతో కొట్టి అడుగు మూస్తారు. కొట్టిన చోట మట్టి పలచబడి గట్టిపడుతుంది, రంజన్ అంత బలంగా ఉండటానికి కారణం ఆ కొట్టుడే. కానీ ఈ దీపాల్లో మూతి పన్నెండు మిల్లీమీటర్లు, నడుం ఐదు. జాలీ సరిగ్గా ఆ రెండూ కలిసే చోట పడింది. పలచటి నడుం, పైగా చిల్లులు. గాలి రెండు వైపుల నుంచీ, ప్రతి చిల్లు అంచు నుంచీ ఆరుస్తుంది. మందపాటి మూతి ఇంకా పచ్చిగా ఉండగానే నడుం ఆరి కుంచించుకోవాలని చూస్తుంది, మూతి కదలనివ్వదు. మధ్యలో ఉన్న సన్నటి పట్టీ తెగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ వడగాలిలో పచ్చి జాలీ సంగతి చెప్పేదేముంది?

పెచ్చుల కథ వేరే. అది చిల్లులకు సంబంధం లేనిది, మట్టిది. నల్లరేగడి కలిసిన చెరువు మట్టిలో సున్నపు గడ్డలు ఉంటాయి, ఆవాలంత, జొన్నగింజంత. ఆవం వేడి బాగా ఎక్కిన చోట ఆ పలుకు కాలి పొడిసున్నం అవుతుంది. తర్వాత గాలిలో చెమ్మ తగిలితే అది ఉబ్బి పైన ఉన్న మట్టిని పెచ్చుగా నెట్టేస్తుంది. ఎండాకాలంలో కాల్చినవి వానాకాలంలో రాలడానికి కారణం ఇదే. రంజన్లకు ఇలా ఎందుకు కాదని కాక అడిగాడు. రంజన్‌ను ఆవం నుంచి తీశాక కొన్నవాళ్లు వెంటనే నీళ్లు పోస్తారు. ఆ సున్నం మొదటి రోజే నీళ్లు తాగి మెత్తటి ముద్ద అయి ఊరుకుంటుంది. దీపానికి నీళ్లు ఎవరు పోస్తారు?

మట్టి మార్చిన తీరు

కాక వాళ్ల చెరువు మట్టి వదలడానికి ఒప్పుకోడని ముందే తెలుసు, వదలాల్సిన అవసరమూ లేదు. అది సాగుతుంది, సారె మీద మాట వింటుంది. దానికి తోడు కావాలి.

ముందు కొలత తీశాం. మట్టిని పట్టీలా చేసి దాని మీద సరిగ్గా పది సెంటీమీటర్ల గీత గీసి ఆరబెట్టాం. గీత తొమ్మిదికి దగ్గరగా వచ్చింది. అంటే ఆరుదలలోనే దాదాపు పదో వంతు కుంచించుకుపోతోంది. ఇంత కుంచింపు ఉన్న మట్టికి సన్నటి పట్టీలు కోస్తే నిలవవు. సున్నం ఉందో లేదో చూడటానికి ఎండిన మట్టి గడ్డల మీద కొంచెం బాత్రూం యాసిడ్ చుక్కలు వేశాం, అక్కడక్కడ బుసబుసమంది. ఇంట్లో చేసేవాళ్లు చేతులకు తొడుగు, కళ్లకు అద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు.

తర్వాత మట్టిని నీళ్లలో పలచగా కలిపి, మైదాపిండి జల్లించే జల్లెడలో వడగట్టాం. సున్నపు పలుకులు, వేర్లు, గవ్వలు జల్లెడలో ఆగిపోయాయి. ఇంత మట్టిని వడగట్టడం వెన్ను విరిగే పని, కాకీ (కాక భార్య) లేకపోతే అది జరిగేది కాదు. పలుకు మరీ సన్నదయితే జల్లెడ దాటుతుంది. అంత సన్న పలుకు పెచ్చు లేపేంత బలం చూపదు. అయినా జాగ్రత్తకు, కాల్చిన దీపాలను చల్లారిన రోజే నీళ్లలో ముంచి ఉంచాలని అనుకున్నాం.

కుంచింపు తగ్గించడానికి రెండు చేర్చాం. ఒకటి చెలక భూముల ఎర్రమట్టి, మూడో వంతు. రెండోది కాక ఇంటి వెనక కుప్ప పడి ఉన్న పాత పెంకుల పొడి. పెంకు ఒకసారి కాలింది కాబట్టి మళ్లీ కుంచించుకోదు, మట్టి లోపల ఎముకలా నిలుస్తుంది. రోట్లో దంచి అదే జల్లెడలో పట్టి, పది పాళ్లకు ఒక పాలు కలిపాం. గరుకు పొడి వేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది గానీ కత్తి కింద పలుకు తగిలి గడి అంచు చీల్చుకుపోతుంది. మళ్లీ గీత గీసి చూస్తే ఆరుదలలో కుంచింపు వందకు ఏడు దాకా దిగింది. చాలు.

రెస్టారెంట్ వాళ్లకు ఇంకో ఆలోచన ఉండేది. రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్ల మీద తేలతాయి కదా, అలాగే తేలిగ్గా ఉండేలా ఊక కలపమన్నారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి రామప్ప ఇటుక మాట వినని వారం లేదు నాకు. ఊక కలిపితే తేలికవుతుంది, నిజమే. కానీ కోసేటప్పుడు ప్రతి ఊక గింజా కత్తికి తగిలి ఈడ్చుకొస్తుంది, అంచు కుక్క కొరికినట్టు అవుతుంది. జాలీ పనికి ఊక వద్దు.

గుండ్రటి ఒంటి మీద గళ్లు

డ్రాయింగ్ కాగితం మీద చదునుగా ఉంది. గురిగి చదునుగా లేదు. ఇది పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ పని మొత్తం ఇక్కడే తేలుతుంది.

దీపం నడుం అడ్డం కొలత పదిహేను సెంటీమీటర్లు. చుట్టుకొలత నలభై ఏడు. దాన్ని పదహారు భాగాలు చేస్తే ఒక్కో భాగం మూడు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. అందులో గడి రెండు సెంటీమీటర్లు కోస్తే మధ్య పట్టీకి తొమ్మిది మిల్లీమీటర్లు మిగులుతాయి. ఎనిమిది మిల్లీమీటర్ల మందం గోడకు అది సరిపోతుంది. నా లెక్క ఎప్పుడూ ఒకటే, పట్టీ వెడల్పు గోడ మందం కన్నా తగ్గకూడదు. ఇప్పుడు భుజం దగ్గరకు వస్తే అడ్డం కొలత పది సెంటీమీటర్లే. అదే పదహారు భాగాలు చేస్తే ఒక్కోదానికి రెండు సెంటీమీటర్లు కూడా రావు. అంతే గడి కోస్తే పట్టీయే మిగలదు. మొదటి బ్యాచ్‌లో భుజం దగ్గర పట్టీలు అగ్గిపుల్లంత ఉండటానికి కారణం ఇదే. డ్రాయింగ్ అలా గీసిచ్చింది, కాక అలాగే కోశాడు.

నేను గోడలు నిటారుగా ఉండే డబ్బా ఆకారం చేద్దామన్నాను, లెక్క తేలికవుతుందని. కాక వినలేదు. "డబ్బాలు ప్లాస్టిక్కులో దొర్కుతయి బిడ్డా, గురిగి గురిగి లెక్కనే ఉండాలె" అన్నాడు. ఆయన మాటే నెగ్గింది, నెగ్గడం మంచిదే అయింది. గుండ్రటి గోడ తన బరువు తానే మోసుకుంటుంది, చిల్లులు వేశాక కూడా చదును గోడలా లోపలికి వంగదు. అందుకని ఆకారం కాకది, పంపకం నాది అయింది. నడుం మీద పదహారు పెద్ద గళ్లు, దాని పైన పదహారు చిన్న గుండ్రటి చిల్లులు, భుజం మీద ఎనిమిదే. పైకి పోయే కొద్దీ వరసలు పలచబడతాయి. నిజానికి చూడటానికి కూడా అదే బాగుంది, నీడలో గళ్లు పైకి పోతూ చుక్కలుగా మారిపోతాయి. అడుగున మూడు వేళ్ల ఎత్తు, మూతి కింద రెండు వేళ్ల ఎత్తు గోడ ఖాళీగా వదిలేశాం.

భాగాలు గుర్తుపెట్టడానికి కాక దగ్గర లెక్కలేమీ లేవు, నేను కూడా స్కేలు తీయలేదు. కాగితం పట్టీని నడుం చుట్టూ చుట్టి, కలిసిన చోట కత్తిరించి, నాలుగు సార్లు సగానికి మడిస్తే పదహారు. మడతల దగ్గర సూదితో గుచ్చితే గుర్తు పడుతుంది. భుజానికి వేరే పట్టీ, మూడు మడతలు. కింది గుర్తులూ పై గుర్తులూ ఒకే నిలువులో రావాలంటే గురిగిని సారె మధ్యలో పెట్టి నెమ్మదిగా తిప్పుతూ నిలువు గీతలు ముందే గీసుకోవాలి.

కోత

గోడ మందం అంతటా ఒకేలా ఉండాలని, ఈసారి కాక మూతిని పలచగా లాగి, అడుగుతో పాటు నడుం కూడా చెక్కతో తేలిగ్గా కొట్టాడు. మందం ఎనిమిదికి అటూఇటూ ఒక మిల్లీమీటర్ తేడాతో వచ్చింది. సూది గుచ్చి, దిగిన లోతు చూస్తే తెలుస్తుంది.

ఎప్పుడు కోయాలనేది మాటల్లో చెప్పడం కష్టం, చెయ్యే చెప్పాలి. స్టూడియోల్లో లెదర్ హార్డ్ అంటాం. బొటనవేలితో నొక్కితే సొట్ట పడకూడదు, గోరు గీస్తే గీత పడాలి, గీసిన చోట మట్టి ముద్దగా లేవకుండా మైనం చెక్కులా ఊడాలి. అంతకన్నా పచ్చిగా ఉంటే కత్తి వెనక మట్టి జిగురులా సాగి గడి వంకర పోతుంది. అంతకన్నా ఎండితే కత్తి దిగేచోట లోపలి వైపు ముక్క ఎగిరిపోతుంది. బయట నుంచి చూస్తే గడి శుభ్రంగా ఉంటుంది, లోపల చెయ్యి పెడితే గుంట. గోడ మధ్య వరకూ ఒకేలా ఆరాలి కాబట్టి గురిగిని కోసే ముందు రోజు రాత్రి పాలిథిన్ కవర్‌లో కట్టి పెడతాం, చెమ్మ సర్దుకుంటుంది.

పనిముట్లు కొన్నవి ఒక్కటీ లేవు. పాత రేడియో ఏరియల్ విప్పితే ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలు వస్తాయి, ఒక్కోటి ఒక్కో సైజు. ఆ గొట్టాన్ని వాలుగా కోసి అంచు ఆకురాయి మీద నూరితే గుండ్రటి చిల్లుకు అంతకన్నా మంచి పనిముట్టు లేదు. విరిగిన హాక్సా బ్లేడును సన్నగా నూరితే కత్తి. డ్రిల్ బిట్టును వేళ్లతోనే తిప్పుతాం, మెషిన్ పెట్టం. ప్రతి కోతకూ ముందు కొంచెం వంటనూనె రాస్తే మట్టి అంటుకోదు.

నాలుగు మూలల గడికి పద్ధతి ఇది. ముందు నాలుగు మూలల్లో సన్నటి డ్రిల్ బిట్టుతో నాలుగు చిన్న గుండ్రటి చిల్లులు. తర్వాత కత్తితో చిల్లు నుంచి చిల్లుకు కోత. కత్తి మూలలోకి దూసుకుపోవడానికి అక్కడ మట్టే లేదు, చిల్లు ఉంది. గడి పూర్తయ్యాక మూలలు గుండ్రంగా మిగులుతాయి, దూరం నుంచి చూసేవాళ్లకు నలుచదరంగానే కనిపిస్తాయి. రేకు మీద పగులు పాకుతుంటే దాని మొన దగ్గర చిల్లు పెట్టి ఆపే పద్ధతి వెల్డింగ్ షాపుల్లో అందరికీ తెలుసు. ఇక్కడ పగులు రాకముందే ఆ చిల్లు పెడుతున్నాం, అంతే తేడా. కాకకు ఈ ఒక్క విషయం చూపించాక మిగతాది నేను చెప్పాల్సిన పని రాలేదు. ఆయన చెయ్యి నాకన్నా నిదానం, నిక్కచ్చి.

వరసగా కోసుకుంటూ పోకూడదు. గడి వదిలి గడి కోయాలి. ఒక చుట్టు అయ్యాక గురిగిని కాసేపు కప్పి పెట్టి, ఆ తర్వాత వదిలినవి కోయాలి. పై వరసలు ముందు, నడుం మీద పెద్ద గళ్లు చివర. పై బరువంతా నడుం మీదే ఉంటుంది కాబట్టి అది ఎంత ఆలస్యంగా చిల్లులు పడితే అంత గట్టిగా నిలబడుతుంది.

ఇంకొకటి, కత్తి ఏ కోణంలో దిగాలి. మొదటి బ్యాచ్‌లో అన్ని చిల్లులూ గోడకు నిటారుగా దిగాయి. నడుం దగ్గర అది సరిపోతుంది. భుజం దగ్గర మాత్రం గోడ వాలుగా ఉంటుంది, బల్బు కింద ఉంటుంది. ఎనిమిది మిల్లీమీటర్ల గోడకు అంతే వెడల్పు చిల్లు నిటారుగా వేస్తే కింది నుంచి వచ్చే వెలుగులో చాలా భాగం చిల్లు పక్కగోడకు కొట్టుకుని ఆగిపోతుంది. బల్బు ఎక్కడుంటుందో కొలిచి, ఆ ఎత్తుకు ఒక పుల్లను మట్టి ముద్దలో గుచ్చి గురిగి లోపల నిలబెట్టాం. ప్రతి చిల్లు నుంచీ ఆ పుల్ల మొన కనిపించాలి. కనిపించకపోతే గొట్టం వాలు మార్చాలి.

కోశాక అంచుల మీద లేచిన మట్టి పొరలను పచ్చిగా ఉండగా ముట్టుకోవద్దు. వేలితో తుడిస్తే అది మళ్లీ చిల్లులోకి అతుక్కుంటుంది. పూర్తిగా ఎండాక గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో మెల్లగా రుద్దితే రాలిపోతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మూతికి మాస్కు కట్టుకుని ఆరుబయట చేయాలి. కాక కండువా కట్టుకుంటానన్నాడు. కండువా ఆపదని ఒప్పించడానికి నాకు మట్టి సంగతులకన్నా ఎక్కువ సేపు పట్టింది.

ఆరుదల, ఆవం

వానాకాలం ఈ పనికి కలిసొచ్చింది, గాలిలో చెమ్మ ఉంది. అయినా నడుం చుట్టూ పాత న్యూస్‌పేపర్, దాని మీద పాలిథిన్ చుట్టి, అడుగు, మూతి తెరిచి ఉంచాం. చిల్లులు లేని భాగం ముందు ఆరాలి, చిల్లుల పట్టీ చివర ఆరాలి. గాలికి వదిలేస్తే జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా. బోర్లించి ఒక రోజు, నిలబెట్టి ఒక రోజు మార్చుతూ ఉండాలి, లేకపోతే అడుగు చెమ్మ పట్టుకుని కూర్చుంటుంది.

ఆవంలో మంట అంతటా ఒకేలా ఉండదు, ఒక పక్క పిడకలు ముందే అంటుకుంటాయి, ఇంకో పక్క పొగలోనే ఉంటుంది. జాలీ దీపాన్ని నేరుగా పిడకల మధ్య పెడితే ఒక వైపు నడుం ఎర్రబడే సరికి రెండో వైపు ఇంకా నల్లగా ఉంటుంది. అందుకని ప్రతి దీపాన్నీ ఒక పెద్ద కాగు లోపల పెట్టి, కాగు మూతికి పెంకు కప్పాం. మంట కాగుకు తగులుతుంది, దీపానికి వేడి మాత్రమే చేరుతుంది. పాత విరిగిన కాగులు దీనికి సరిపోతాయి, కొత్తవి అక్కర్లేదు. ముందు రాత్రంతా ఊక, పిడకల పొడితో సెగ మాత్రమే. మట్టిలో మిగిలిన నీరు ఆవిరిగా పోవడానికి తీరిక దొరకాలి. తెల్లారాక కట్టెలు.

వెంట్రుక పగుళ్లు చల్లారేటప్పుడు వచ్చేవని ముందే చెప్పాను. మట్టిలో ఉన్న ఇసుక 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా సైజు మారుతుంది, ఎక్కేటప్పుడు ఉబ్బుతుంది, దిగేటప్పుడు తగ్గుతుంది. దిగేటప్పుడు చల్లగాలి తగిలితే ఒక పక్క ముందే తగ్గుతుంది. ఆర్డర్ టెన్షన్‌లో ఎవరైనా ఆవం తొందరగా విప్పుతారు. ఈసారి బూడిదలో చెయ్యి పెట్టగలిగేదాకా విప్పొద్దని కాకీ కాపలా కూర్చుంది. కాకకు కూడా దగ్గరికి పర్మిషన్ లేదు.

తీసిన దీపాలను అదే రోజు నీళ్ల తొట్టిలో ముంచాం. కొన్నింటి ఒంటి మీద తెల్లటి చుక్కలు కనిపించాయి గానీ తర్వాత పెచ్చులు లేవలేదు. కొన్ని దీపాలు మాత్రం బొంగురుగా పలికాయి, అవి పక్కన పెట్టాం. మొదటి బ్యాచ్‌తో పోలిస్తే నష్టం చాలా తక్కువ, పూర్తిగా పోలేదు. బయటి ఆవంలో అది పూర్తిగా పోతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను.

రంగు, వెలుగు, రేటు

మధ్యలో రెస్టారెంట్ నుంచి ఒక కోరిక వచ్చింది, నిజామాబాద్ బ్లాక్ పాటరీలా నల్లగా చేయండి, మన తెలంగాణదే కదా అని. అది మన నిజామాబాద్ కాదు. ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లాలో ఇంకో నిజామాబాద్ ఉంది, జీఐ గుర్తింపు (ఊరి పేరుతో సరుకుకు ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) దానికి. నలుపు మన ఆవంలో కూడా వస్తుంది, చివర్లో గాలి మూసేసి పొగలో మగ్గబెడితే చాలు. కానీ జాలీ దీపం లోపల నలుపు అయితే వెలుగంతా అదే తాగేస్తుంది. ఎర్రగానే ఉంచి, లోపల తెల్లసుద్ద పలచటి పూత వేసి కాల్చాం. గోడ మీద పడే వెలుగు స్పష్టంగా పెరిగింది.

బల్బు విషయంలో పేచీ వచ్చింది. దీపాలు పెట్టాక నీడలు పడటం లేదని ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే లోపల పాలరంగు గుండు ఎల్ఈడీ బల్బులు. వెలుగు వచ్చే చోటు ఎంత చిన్నదైతే నీడ అంచు అంత పదును. గుండు బల్బు మొత్తం వెలుగుతుంది కాబట్టి ప్రతి చిల్లు నుంచీ వెలుగు కలగాపులగంగా వస్తుంది, గోడ మీద మసక తప్ప గడి కనిపించదు. లోపలి తీగ కనిపించే పారదర్శక గాజు బల్బు, పసుపు వెలుగుది, పెట్టమన్నాం. గళ్లు తేలాయి. గోడకు దీపం మూరెడు దూరంలో ఉంటే బాగుంటుంది, ఇంకా దూరం పోతే గళ్లు పెద్దవై కరిగిపోతాయి.

గుమ్మం దగ్గర పెట్టేవాటికి నూనె దీపమే కావాలన్నారు, పండగ కదా. దానికి గాలి కావాలి. అడుగు పక్కన నాలుగు చిల్లులు అదనంగా వేసి, మూతి పూర్తిగా తెరిచి ఉంచాం. కింది గాలి లేకపోతే వత్తి కొట్టుకుని పొగ చూరుతుంది, మసి పై చిల్లుల అంచులకు పడుతుంది.

రేటు దగ్గర మేనేజర్ అన్న మాట కాక ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. "చిల్లులు కోసి మట్టి తీసేసిన్రు గద, మట్టి తగ్గింది, రేటు పెరుగుడేంది?" గురిగి సారె మీద తీయడానికి పట్టే టైము కన్నా కోతకు ఎన్నో రెట్లు పడుతుంది. పైగా ఒక్క పట్టీ తెగితే అప్పటిదాకా కోసిందంతా వృథా. మేము కోత గంటల లెక్కన రేటు చెప్పాం, ఆవంలో పోయే వాటాను అందులోనే కలిపాం. బేరం ఆడారు, కొంచెం తగ్గాం, ఒప్పుకున్నారు. నా అభిప్రాయంలో జాలీ పనిని కుండ లెక్కన అమ్మే కుమ్మరి నష్టపోతాడు. నగిషీ పని లెక్కన అమ్మాలి. పెంబర్తి ఇత్తడి వాళ్లు తూకం మీద కాదు, పని మీద అడుగుతారు కదా.

దసరాకు దీపాలు చేరాయి. వాన ముసురు ఇంకా వదలకపోయినా పెచ్చుల ఫిర్యాదు రాలేదు. ఇప్పుడు అదే రెస్టారెంట్ వాళ్లు గొలుసులతో వేలాడదీసే దీపాలు అడుగుతున్నారు. దానికి ఇంకా సరే అనలేదు. వేలాడినప్పుడు కింది సగం బరువంతా నడుం పట్టీలను కిందికి గుంజుతుంది. కాలిన మట్టి నొక్కుడుకు ఓర్చినంతగా గుంజుడుకు ఓర్వదు. గొలుసు కొక్కేలు మూతి కింద ఖాళీగా వదిలిన గోడలో పడాలి, నడుం గళ్లు పదహారు నుంచి పన్నెండుకు తగ్గాలి. బొంగురుగా పలికి పక్కన పెట్టిన దీపాలు, బాగా పలికినవి కొన్ని, కాక వాళ్ల వేపచెట్టుకు కట్టి లోపల ఇసుక సంచులు పెట్టి వేలాడదీశాడు. ఏది ఎంత బరువుకు తెగుతుందో చూశాక రేటు చెబుతాం.